జాన్ బోనమ్: లెడ్ జెప్లిన్ లయ

లెడ్ జెప్లిన్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ 1968లో మొదలై 1980లో ఆగిపోయింది. ఆ పన్నెండేళ్లలో అందులో మనుషులు మారలేదు. గిటార్ జిమ్మీ పేజ్, పాట రాబర్ట్ ప్లాంట్, బేస్ గిటార్, కీబోర్డులు జాన్ పాల్ జోన్స్, డ్రమ్స్ జాన్ బోనమ్. 1980 సెప్టెంబర్ 25న బోనమ్ చనిపోయాడు. అప్పటికి అతని వయసు 32. మిగిలిన ముగ్గురూ ఇంకో డ్రమ్మర్‌ను తెచ్చుకోకుండా బ్యాండ్‌కే స్వస్తి చెప్పారు. రాక్ ప్రపంచంలో ఇది తరచుగా జరిగే పని కాదు. దానికి రెండేళ్ల ముందే, 1978లో, ద హూ బ్యాండ్ డ్రమ్మర్ కీత్ మూన్ పోయినప్పుడు కెన్నీ జోన్స్ వచ్చి కూర్చున్నాడు, బ్యాండ్ సాగింది. లెడ్ జెప్లిన్‌కు అది ఎందుకు సాధ్యపడలేదో తెలియాలంటే బోనమ్ ఆ సంగీతంలో ఏ పని చేశాడో దగ్గరగా చూడాలి.

బోనమ్ 1948 మే 31న ఇంగ్లండ్ నడిబొడ్డున, బర్మింగ్‌హామ్‌కు దక్షిణంగా ఉన్న రెడిచ్ పట్టణంలో పుట్టాడు. తండ్రి జాక్ వడ్రంగి, ఇళ్లు కట్టించే పని కూడా చేసేవాడు. తల్లి జోన్ పత్రికలమ్మే చిన్న దుకాణం నడిపేది. తర్వాత పుట్టిన తమ్ముడు మిక్, చెల్లెలు డెబోరా. డెబోరా పెద్దయ్యాక గాయని అయింది. జాన్‌కు ఐదేళ్ల వయసులోనే చేతికందిన డబ్బాల మీద, కాఫీ టిన్నుల మీద వాయించే అలవాటు పట్టుకుంది. అప్పట్లో అతనికి ఆదర్శం అమెరికన్ జాజ్ డ్రమ్మర్లు: జీన్ క్రూపా, బడ్డీ రిచ్, మ్యాక్స్ రోచ్. పదేళ్లప్పుడు తల్లి ఒక స్నేర్ డ్రమ్ కొనిచ్చింది. పదిహేనేళ్లప్పుడు తండ్రి ప్రీమియర్ కంపెనీ డ్రమ్ సెట్ తెచ్చాడు. గురువు దగ్గర కూర్చుని పాఠం చెప్పించుకున్నది లేదు. రికార్డులు వినడం, ఊళ్లో పెద్ద డ్రమ్మర్లను అడిగి తెలుసుకోవడం, వాయించుకోవడం, ఇదే అతని చదువు.

డ్రమ్ సెట్ అంటే ఒక వాద్యం కాదు, ఒక్కడే వాయించే వాద్యాల గుంపు. నేల మీద నిలబెట్టినట్టుండే పెద్దది బాస్ డ్రమ్. దాన్ని కుడికాలితో పెడల్ తొక్కి మోగిస్తారు. మోకాళ్ల మధ్య ఉండేది స్నేర్ డ్రమ్. దాని అడుగు చర్మానికి ఆనుకుని సన్నని తీగలు బిగించి ఉంటాయి, అందుకే దాని శబ్దం చురుక్కుమంటుంది. బాస్ డ్రమ్ పైన, పక్కన ఉండేవి టామ్‌లు. ఎడమకాలి కింద పెడల్‌తో రెండు పళ్లేలు ఒకదానికొకటి తగిలేది హై-హ్యాట్. ఇవి కాక స్టాండ్ల మీద పెద్ద ఇత్తడి, కంచు తాళాలు, అంటే సింబల్స్. రెండు చేతులు, రెండు కాళ్లు నాలుగు వేర్వేరు పనులు చేస్తూనే ఒకే కాలప్రమాణంలో ఉండాలి. ఎక్కువ రాక్ పాటల్లో బాస్ డ్రమ్ ఒకటో దెబ్బను, స్నేర్ రెండు, నాలుగు దెబ్బలను పట్టుకుంటాయి. శ్రోత తెలియకుండానే తల ఊపేది, చిటికె వేసేది ఆ రెండు, నాలుగు దెబ్బలకే.

1964లో బడి వదిలాక బోనమ్ తండ్రి దగ్గర వడ్రంగం పనిలో చేరాడు. పగలు కొయ్యపని, రాత్రి క్లబ్బుల్లో డ్రమ్స్. టెర్రీ వెబ్ అండ్ ద స్పైడర్స్, సెనేటర్స్, ఎ వే ఆఫ్ లైఫ్ వంటి స్థానిక బృందాల్లో కొన్నాళ్లు కొన్నాళ్లు పనిచేశాడు. పదిహేడేళ్లకే ప్యాట్ ఫిలిప్స్‌ను పెళ్లి చేసుకున్నాడు. డబ్బుల్లేవు, చక్రాల మీద నడిచే కేరవాన్ బండిలోనే కాపురం. 1966 జులైలో కొడుకు జేసన్ పుట్టాడు. డ్రమ్స్ వదిలేస్తానని ఇంట్లో మాటిచ్చి కూడా వదల్లేకపోయిన రోజులవి. క్రాలింగ్ కింగ్ స్నేక్స్ అనే బృందంలో చేరినప్పుడు అక్కడి గాయకుడు రాబర్ట్ ప్లాంట్‌తో స్నేహం కుదిరింది. ప్లాంటూ ఆ ప్రాంతం కుర్రాడే, బోనమ్ కన్నా కొద్ది నెలలు చిన్న. తర్వాత బ్యాండ్ ఆఫ్ జాయ్‌లోనూ ఇద్దరూ కలిసే ఉన్నారు. అప్పటికే బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల బోనమ్‌కు ఒక పేరుంది, చెవులు పగిలేలా వాయిస్తాడని. ఆ చప్పుడు భరించలేక అతన్ని మళ్లీ పిలవని క్లబ్బులు కూడా ఉండేవి.

1968 నడిమికి అతనికి మంచి ఉద్యోగమే దొరికింది. అమెరికన్ గాయకుడు టిమ్ రోజ్ బ్రిటన్ పర్యటనలో వారానికి 40 పౌండ్ల జీతం. ఆ వేసవిలో లండన్‌లో జిమ్మీ పేజ్ కొత్త బ్యాండ్ కట్టే పనిలో ఉన్నాడు. అంతవరకు తాను ఉన్న యార్డ్‌బర్డ్స్ బృందం చెదిరిపోగా మిగిలిన ఒప్పందాల కోసం మనుషులు కావాలి. ప్లాంట్ అప్పటికే దొరికాడు. డ్రమ్స్‌కు తన స్నేహితుణ్ని చూడమని అతను చెప్పాడు. ఉత్తర లండన్‌లోని హ్యాంప్‌స్టెడ్‌లో టిమ్ రోజ్ కచేరీకి వెళ్లి పేజ్, మేనేజర్ పీటర్ గ్రాంట్ బోనమ్‌ను విన్నారు. తనకు కావలసిన బ్యాండ్ శబ్దం ఎలా ఉండాలో ఆ సాయంత్రమే స్పష్టమైందని పేజ్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. బోనమ్ మాత్రం తొందరపడలేదు. అతని ఇంట్లో ఫోన్ లేదు. తరచూ వెళ్లే పబ్ చిరునామాకు ప్లాంట్ ఎనిమిది టెలిగ్రాములు, గ్రాంట్ నలభై టెలిగ్రాములు పంపారట. జో కాకర్, క్రిస్ ఫార్లో కూడా అతన్ని అడుగుతున్నారు. వాళ్లిద్దరూ అప్పటికే పేరున్న గాయకులు. పేజ్ తలపెట్టిన సంగీతం తనకు ఎక్కువ నచ్చిందన్న ఒక్క కారణంతో పెళ్లాం పిల్లాడు ఉన్న ఇరవయ్యేళ్ల కుర్రాడు రాబడి ఖాయంలేని దారిని ఎంచుకున్నాడు.

ఆగస్టులో లండన్ గెరార్డ్ స్ట్రీట్‌లోని ఒక చిన్న గదిలో నలుగురూ మొదటిసారి కలిసి వాయించారు. సెప్టెంబర్ 7న డెన్మార్క్‌లోని గ్లాడ్‌సాక్సెలో మొదటి కచేరీ చేశారు. లండన్ ఒలింపిక్ స్టూడియోలో 36 గంటల స్టూడియో సమయంలో మొదటి ఆల్బమ్ ముగించారు. 1969 జనవరిలో అది విడుదలైంది.

ఆ ఆల్బమ్‌లో మొట్టమొదటి పాట ‘గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్’. మూడు నిమిషాలు కూడా లేని ఈ పాట డ్రమ్మర్ల లోకంలో చిన్న అలజడి రేపింది. ఒక్క దెబ్బ కాలాన్ని మూడు సమభాగాలు చేసి వాయించడం మృదంగం నేర్చిన వాళ్లకు తిస్రంగా తెలిసిందే. బోనమ్ ఆ మూడింటిలో రెండు భాగాలను బాస్ డ్రమ్ మీద, అదీ ఒకే పెడల్‌తో, కుడికాలు ఒక్కదానితో పలికించాడు. విన్నవాళ్లలో చాలామంది రెండు బాస్ డ్రమ్ములు, రెండు పెడళ్లు వాడి ఉంటాడనుకున్నారు. కాలి మడమను పైకెత్తి, పాదం ముందుభాగాన్ని పెడల్ మీద అతి కొద్దిగా జరిపి వెంటవెంటనే రెండు దెబ్బలు కొట్టడం ఇక్కడి కిటుకు. చెప్పడానికి ఇంతే. ఆ రెండో దెబ్బ మొదటిదానికి తీసిపోకుండా మోగాలంటే మాత్రం ఏళ్ల సాధన కావాలి.

మొదటి అమెరికా పర్యటనలో వెనిలా ఫడ్జ్ బ్యాండ్‌కు ముందు వీళ్లు వాయించేవాళ్లు. ఆ బ్యాండ్ డ్రమ్మర్ కార్మైన్ అపీస్ చొరవతో లుడ్విగ్ కంపెనీ బోనమ్‌కు డ్రమ్స్ ఇవ్వడం మొదలుపెట్టింది. 26 అంగుళాల వ్యాసం ఉన్న బాస్ డ్రమ్ అప్పటి నుంచే అతని గుర్తు. అప్పటి రాక్ డ్రమ్మర్లు ఎక్కువగా 22 అంగుళాలది వాడేవాళ్లు. తర్వాత సెట్లు మారాయి. ఆకుపచ్చ మెరుపుది, 1973లో తేనెరంగు అద్దంలా కనబడే ప్లాస్టిక్ విస్టాలైట్, 1977లో స్టెయిన్‌లెస్ స్టీల్‌ది. కొలతలు మాత్రం దాదాపు అవే. స్నేర్ లోహంతో చేసిన ఆరున్నర అంగుళాల లోతుది. సింబల్స్ స్విట్జర్లాండ్ కంపెనీ పైస్టీవి. వెనక ఒక పెద్ద గాంగ్, పక్కన టింపనీలు.

బోనమ్ పేరెత్తగానే బలం గురించి మాట్లాడతారు. ఇది సగం నిజం. అతని చేతిలో బలం ఉంది, కానీ రికార్డుల్లో వినిపించే ఆ నిండుదనం కేవలం బలంతో వచ్చింది కాదు. 1970లలో స్టూడియో ఇంజనీర్లు డ్రమ్ములో దుప్పట్లు, దిళ్లు కుక్కి, చర్మాల మీద టేపులు అంటించి నాదాన్ని అణచేసేవాళ్లు. దెబ్బ వినిపించేది, మోత వినిపించేది కాదు. బోనమ్ దీనికి ఎదురు నడిచాడు. చర్మాలను బాగా బిగించి, శ్రుతి కాస్త పైకి పెట్టి, డ్రమ్‌ను దాని మానాన మోగనిచ్చేవాడు. చేతిని భుజం నుంచి విసరకుండా మణికట్టుతో కొట్టేవాడు. పనితెలిసిన వడ్రంగి సుత్తిని ఎత్తి వదిలేస్తాడు, మేకును దిగేసేది సుత్తి బరువే. బోనమ్ పుల్లా అలాగే పడి, చర్మం మీంచి తనంతట తానే లేచేది. గట్టిగా అదిమి కొట్టిన దెబ్బ కన్నా ఇలా వదిలేసిన దెబ్బే ఎక్కువ మోగుతుంది. అతని పాత కచేరీల చిత్రాల్లో చేతుల మీద దృష్టి పెట్టి చూస్తే ఈ సంగతి కనిపిస్తుంది. శబ్దం ఉరుములా ఉన్నా చేతుల కదలిక చిన్నగా, తీరిగ్గా ఉంటుంది.

ఇంకో సంగతి, దెబ్బ ఎక్కడ వేశాడన్నది. స్నేర్ దెబ్బను లెక్క ప్రకారం పడాల్సిన చోటికి వెంట్రుకవాసి వెనక వేయడం అతని అలవాటు. తాళం జారదు, పాట మాత్రం బరువుగా, నింపాదిగా నడుస్తున్నట్టు ఉంటుంది. పేజ్ గిటార్ ముందుకు తోసుకుపోతుంటే బోనమ్ వెనక్కి పట్టి ఉంచుతాడు. లెడ్ జెప్లిన్ పాటల్లో ఉద్విగ్నత ఎక్కువ భాగం ఈ లాగుడులోంచి పుట్టిందే. జోన్స్ బేస్ గిటార్ ఈ ఇద్దరి మధ్య వారధి. తాను వాయించే ప్రతి స్వరానికీ బోనమ్ బాస్ డ్రమ్ ఎక్కడ పడుతుందో ముందే తెలిసేదని జోన్స్ చెప్పిన మాటలో అతిశయోక్తి లేదు.

ఆ శబ్దాన్ని రికార్డులోకి ఎక్కించడంలో ఇంజనీర్ల పాత్ర ఉంది. మొదటి ఆల్బమ్‌కు పనిచేసిన గ్లిన్ జాన్స్ ప్రతి డ్రమ్ముకూ ఒక మైకు పెట్టే పద్ధతి వదిలి, రెండుమూడు మైకులను దూరదూరంగా అమర్చి మొత్తం సెట్టును ఒకే వాద్యంగా పట్టుకున్నాడు. ఆ పద్ధతిని నేటికీ అతని పేరుతోనే పిలుస్తారు. అతని తమ్ముడు ఆండీ జాన్స్ ఇంకో అడుగు ముందుకేశాడు. 1971లో వచ్చిన నాలుగో ఆల్బమ్ కోసం బ్యాండ్ హ్యాంప్‌షైర్ పల్లెలో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో మకాం వేసింది. 1795లో నిరుపేదల వసతి కోసం కట్టిన రాతి కట్టడం అది. మధ్యలో మూడంతస్తుల ఎత్తు మెట్లు, పైదాకా ఖాళీగా ఉండే హాలు. కొత్త డ్రమ్ సెట్టును ఆ హాల్లో బిగించారు. పై మెట్ల కటకటాల నుంచి రెండు మైకులు వేలాడదీశారు, అంతే. బాస్ డ్రమ్‌కు విడిగా మైకు లేదు. బోనమ్ కొట్టిన ప్రతి దెబ్బా రాతిగోడలకు తగిలి మెట్ల వెంట పైకి పోయి మైకులను చేరింది. దానికి బిన్సన్ ఎకోరెక్ అనే ఇటాలియన్ పరికరంతో ప్రతిధ్వని కలిపారు. ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ మొదట్లో వినిపించే రెండు ఆవృత్తాల డ్రమ్ నడక అలా తయారైంది. పాట వాళ్లది కాదు. 1927 మిసిసిపీ వరదల గురించి కాన్సస్ జో మెకాయ్, మెంఫిస్ మిన్నీ 1929లో పాడిన బ్లూస్ పాట. కట్ట తెగి నీళ్లు వచ్చిపడే భయం పాట మాటల్లో ఉంది. బోనమ్ అదే భయాన్ని గొంతు మొదలవకముందే డ్రమ్ములతో తెచ్చాడు. ఆ నడక విని చూడండి, అందులో కష్టమైన విన్యాసమేదీ లేదు. నేర్చుకోవడానికి వారం చాలు. అదే బరువుతో ఏడు నిమిషాలు చెదరకుండా నిలబెట్టడంలో ఉంది పనితనమంతా.

అదే ఇంట్లో ‘ఫోర్ స్టిక్స్’ అనే పాట కుదరక నలుగురూ విసిగిపోయి ఉన్నప్పుడు, బోనమ్ ఉన్నట్టుండి లిటిల్ రిచర్డ్ పాత పాట ‘కీప్ ఎ-నాకిన్’ మొదట్లోని డ్రమ్ ఎత్తుగడ అందుకున్నాడు. పేజ్ దానికి గిటార్ కలిపాడు. కొద్ది నిమిషాల్లో ‘రాక్ అండ్ రోల్’ పాటకు ఆకారం వచ్చింది. విసిగించిన ‘ఫోర్ స్టిక్స్’ పేరు వెనక సంగతి కూడా బోనమ్‌దే. ఒక్కో చేతిలో రెండు పుల్లల చొప్పున నాలుగు పుల్లలు పట్టుకుని వాయించి దాన్ని పూర్తిచేశాడు. 1972లో పేజ్, ప్లాంట్ ఇద్దరే బొంబాయి వచ్చి ఈ పాటను మన సంగీతకారులతో కలిసి మళ్లీ రికార్డు చేశారు. డ్రమ్ నడక స్థానంలో అక్కడ తబలా వినిపిస్తుంది. ఆ రికార్డింగు 2015లో గానీ అధికారికంగా బయటికి రాలేదు.

తాళం తెలిసిన తెలుగు శ్రోతకు బోనమ్ పనితనం సులువుగా అందే చోటు 1975 నాటి ‘కశ్మీర్’. దీన్ని 1973 చివర్లో పేజ్, బోనమ్ ఇద్దరే కూర్చుని మొదలుపెట్టారు. గిటార్, తర్వాత చేరిన వయొలిన్లు, ఇత్తడి వాద్యాలు మూడేసి దెబ్బల పదాన్ని పట్టుకుని తిరుగుతుంటాయి. డ్రమ్స్ మాత్రం నాలుగేసి దెబ్బల ఆవృత్తంలో నడుస్తాయి. రెండూ కలిసేది పన్నెండో దెబ్బ దాటాకే. చేత్తో చతురశ్రం వేస్తూ పైన తిస్రం పాడినట్టు. బోనమ్ స్థానంలో ఇంకెవరైనా ఉంటే గిటార్‌ను అనుసరించి మూడుకు మారిపోయేవారేమో. అతను తన నాలుగును కదలనివ్వలేదు. ఎనిమిదిన్నర నిమిషాల పాటలో ఆ నడక గాంభీర్యమంతా దాని నుంచే వచ్చింది. పాట రచయితల్లో పేజ్, ప్లాంట్‌లతోపాటు బోనమ్ పేరు కూడా వేశారు. 1973 నాటి ‘ది ఓషన్’లో ఒక ఆవృత్తానికి నాలుగు దెబ్బలు, మరుసటి దానికి మూడున్నర. అర దెబ్బ ఎక్కడ తరిగిందో శ్రోత పట్టుకునేలోగా అతను దాటేసి ఉంటాడు. మిశ్రచాపు విని పెరిగిన చెవికి ఈ కుంటినడక వెంటనే ఇంపుగా ఉంటుంది.

కచేరీల్లో బోనమ్‌కు ప్రత్యేకంగా కేటాయించిన ఘట్టం ‘మోబీ డిక్’. కర్ణాటక కచేరీలో తని ఆవర్తనం ఎలాగో, ఇది అలా. మొదట అందరూ కలిసి ఒక పల్లవి వాయిస్తారు, తర్వాత మిగతావాళ్లు వేదిక దిగిపోతారు, చివరికి మళ్లీ వచ్చి పల్లవితో ముగిస్తారు. తొలినాళ్లలో దీన్ని భార్య పేరున ‘ప్యాట్స్ డిలైట్’ అనేవాళ్లు. రికార్డులో నాలుగు నిమిషాల పైచిలుకు ఉన్నది వేదిక మీద పదిహేను నిమిషాలకు, కొన్ని రాత్రుల్లో అరగంటకు పెరిగేది. మధ్యలో పుల్లలు పక్కన పడేసి ఉత్తచేతులతో టామ్‌లు, సింబల్స్ వాయించేవాడు. వేళ్లు తెగి నెత్తురొచ్చిన రాత్రులున్నాయి. 1970 జనవరిలో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో తీసిన చిత్రంలో ఈ ఘట్టం పూర్తిగా చూడొచ్చు. అరచేతితో ఒక మూల, వేలికొసలతో ఇంకో మూల తట్టి ఒకే చర్మం నుంచి రకరకాల శ్రుతులు రాబట్టే తీరు డప్పు, కంజీర ఎరిగిన వాళ్లకు పరాయిగా అనిపించదు.

వేదిక దిగితే బోనమ్ ఇంటిమీద బెంగపడే మనిషి. విమానం అంటే భయం, కచేరీకి ముందు వణుకు. ఏడాదిలో నెలలకు నెలలు అమెరికాలో ఉండాల్సిన వృత్తికి ఇవి పెద్ద శాపాలు. వోస్టర్‌షైర్‌లో ఓల్డ్ హైడ్ అనే పొలం కొనుక్కుని హెరిఫర్డ్ జాతి పశువులను పెంచాడు. కార్ల మీద, మోటారు సైకిళ్ల మీద వ్యామోహం ఎక్కువ. 1976లో వచ్చిన ‘ద సాంగ్ రిమెయిన్స్ ద సేమ్’ చిత్రంలో మిగతావాళ్లు తమ తమ భాగాలను కల్పిత కథలతో నింపుకుంటే, బోనమ్ భాగంలో ఉన్నవి అతని పొలం, పశువులు, భార్య, రేసు కారు, బుల్లి డ్రమ్ సెట్ వాయిస్తున్న కొడుకు జేసన్. 1975లో కూతురు జోయీ పుట్టింది. ఇంటర్వ్యూలు ఇచ్చింది చాలా తక్కువ కాబట్టి అతన్ని తెలుసుకోవడానికి ఈ చిత్రమే దగ్గరి దారి.

ఇంటికి దూరమైన కొద్దీ తాగుడు పెరిగింది. తాగినప్పుడు అతని ప్రవర్తన హద్దు దాటేదని సన్నిహితులే రాశారు. 1977 జులైలో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో కచేరీ నిర్వాహకుల మనిషి ఒకణ్ని కొట్టిన కేసులో బోనమ్, గ్రాంట్, మరి ఇద్దరు అరెస్టయ్యారు, చివరికి జైలుశిక్ష నిలుపుదలతో బయటపడ్డారు. దీన్ని దాచిపెట్టి అతని గురించి రాయడం సరికాదు. అదే నెలాఖరున ప్లాంట్ ఐదేళ్ల కొడుకు కారక్ జబ్బుచేసి చనిపోయాడు. అమెరికా నుంచి ప్లాంట్‌తో పాటు ఇంగ్లండ్ తిరిగివచ్చి అంత్యక్రియల్లో పక్కన నిలబడ్డది బోనమ్. పాడటం మానేయాలనుకున్న ప్లాంట్‌ను మళ్లీ బ్యాండ్‌లోకి రప్పించింది కూడా అతనే అని ప్లాంట్ కృతజ్ఞతతో చెబుతుంటాడు. ఈ రెండు బోనమ్‌లూ నిజమే.

1979 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని నెబ్‌వర్త్‌లో బ్యాండ్ రెండు భారీ కచేరీలు చేసింది. దానికి ముందు జరిగిన శబ్దపరీక్షలో పేజ్ గిటార్ వాయిస్తూ వెనక్కి తిరిగి చూస్తే డ్రమ్స్ దగ్గర కూర్చున్నది పదమూడేళ్ల జేసన్. కొడుకు వాయిస్తుంటే బయట జనం ఉండే చోట నిలబడి బోనమ్ వింటున్నాడు. తమ బ్యాండ్ దూరం నుంచి ఎలా వినబడుతుందో అతను వినగలిగింది ఆరోజే. ఆ నెలలోనే వచ్చిన ఆల్బమ్‌లో ‘ఫూల్ ఇన్ ద రెయిన్’ అతని పనితనానికి చివరి మెట్టు. అమెరికన్ డ్రమ్మర్ బెర్నార్డ్ పర్డీ వల్ల పేరొందిన తిస్ర నడకను తీసుకుని, స్నేర్ మీద గట్టి దెబ్బల మధ్య వినబడీ వినబడనట్టుండే చిన్న దెబ్బలు నింపాడు. చెవులు పగలగొడతాడన్న పేరున్న మనిషి గుసగుసలాంటి దెబ్బలతో పాటంతా నడిపించాడు.

1980 వేసవి యూరప్ పర్యటన నాటికి ఆరోగ్యం బాగా దెబ్బతింది. జూన్ 27న న్యూరెంబర్గ్‌లో మూడు పాటలు కాగానే బోనమ్ పడిపోవడంతో కచేరీ ఆపేశారు. జులై 7న బెర్లిన్‌లో చేసినదే చివరిది. అక్టోబర్‌లో మళ్లీ ఉత్తర అమెరికా పర్యటన మొదలవ్వాలి. సెప్టెంబర్ 24న రిహార్సల్స్ కోసం విండ్సర్ దగ్గరి బ్రే స్టూడియోకు బయలుదేరిన బోనమ్ దారిలోనే వోడ్కా తాగడం మొదలుపెట్టాడు, రోజంతా తాగుతూనే ఉన్నాడు. రాత్రి పేజ్ ఇంట్లో నిద్రలోకి జారుకున్నాడు. పక్కకు ఒత్తిగిలి ఉండేలా పడుకోబెట్టారు. మర్నాడు మధ్యాహ్నం సౌండ్ పనిచూసే బెంజీ లెఫెవ్ర్, జోన్స్ వెళ్లి చూసేసరికి ప్రాణం లేదు. విచారణలో తేలిందేమంటే ఒక్కరోజులో దాదాపు 40 పెగ్గుల వోడ్కా తాగాడు. మద్యం అంత మోతాదులో చేరినప్పుడు గొంతును కాపాడే దగ్గు, వాంతి ప్రతిచర్యలు మొద్దుబారతాయి. నిద్రలో వాంతి పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయినా మనిషి మేలుకోడు. బోనమ్ మరణానికి కారణం అదే. మత్తుమందులేవీ ఒంట్లో కనబడలేదు. ప్రమాదవశాత్తూ జరిగిన మరణంగా అక్టోబర్‌లో తేల్చారు. చితాభస్మాన్ని వోస్టర్‌షైర్‌లో రషాక్ గ్రామపు చర్చి ప్రాంగణంలో ఉంచారు. అభిమానులు ఇప్పటికీ అక్కడి సమాధి రాతి మీద డ్రమ్ పుల్లలు, సింబల్స్ పెట్టి వెళ్తుంటారు.

అతని స్థానంలో ఫలానా వాళ్లు వస్తారని పత్రికలు పేర్లు రాశాయి. కోజీ పవెల్, ఒకప్పుడు బోనమ్‌కు డ్రమ్స్ ఇప్పించిన కార్మైన్ అపీస్ పేర్లు కూడా వినిపించాయి. 1980 డిసెంబర్ 4న బ్యాండ్ చిన్న ప్రకటన ఇచ్చింది. మిత్రుణ్ని పోగొట్టుకున్నాక మునుపటిలా కొనసాగలేమన్నది దాని సారాంశం. స్నేహం ఒక కారణం, అందులో సందేహం లేదు. రెండో కారణం సంగీతపరమైనది, అంతే బలమైనది. వేదిక మీద వీళ్ల పాటలు ఏ రాత్రికారాత్రి మారిపోయేవి. ఒక పాటను ఇరవై నిమిషాలకు పెంచి మధ్యలో ఎటుపడితే అటు వెళ్లే స్వేచ్ఛ పేజ్‌కు ఉండేదంటే, ఎటు మళ్లినా ముందే పసిగట్టి అక్కడ దెబ్బ వేసే మనిషి వెనక ఉన్నాడు గనకే. ఆ పాటల్ని నేర్చుకుని వాయించగల డ్రమ్మర్లు అప్పటికే చాలామంది ఉన్నారు. ఈ వినికిడి మాత్రం పన్నెండేళ్ల సహవాసంలో నలుగురి మధ్య పెరిగింది.

మిగిలిన రికార్డింగులు ఏరి 1982లో ‘కోడా’ అనే ఆల్బమ్ వేశారు. 1976లో స్విట్జర్లాండ్‌లోని మోంట్రోలో బోనమ్ డ్రమ్స్ మాత్రమే వాయించగా పేజ్ ఎలక్ట్రానిక్ హంగులు చేర్చిన ‘బోంజోస్ మోంట్రో’ అందులోనే ఉంది. బోంజో అతని ముద్దుపేరు. జేసన్ తండ్రి వృత్తిలోకే వచ్చాడు. 2007 డిసెంబర్ 10న లండన్ ఓ2 అరీనాలో పేజ్, ప్లాంట్, జోన్స్ ఒకే ఒక్క పూర్తి కచేరీ కోసం కలిసినప్పుడు డ్రమ్స్ మీద కూర్చున్నది అతనే. 1995లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ బ్యాండ్‌ను చేర్చుకుంది. 2016లో రోలింగ్ స్టోన్ పత్రిక వేసిన వందమంది డ్రమ్మర్ల జాబితాలో బోనమ్‌ది మొదటి పేరు. 2018 మే 31న, బతికి ఉంటే డెబ్బయ్యేళ్లు నిండే రోజున, రెడిచ్ పట్టణం నడిమధ్య కంచు శిల్పం ఆవిష్కరించారు.

అతని వాయింపు ఇతరుల చేతుల్లోకి వెళ్లిన తీరు ఇంతకన్నా ఆసక్తికరం. 1982లో టోటో బ్యాండ్ ‘రోజానా’ పాటకు జెఫ్ పోర్కారో కట్టిన నడకలో పర్డీ తిస్రం, ‘ఫూల్ ఇన్ ద రెయిన్’ రెండూ కలిసి ఉన్నాయని అతనే వివరించాడు. 1986లో న్యూయార్క్ ర్యాప్ బృందం బీస్టీ బాయ్స్ తమ మొదటి ఆల్బమ్‌ను హెడ్లీ గ్రేంజ్ మెట్లకింద పట్టిన ఆ రెండు ఆవృత్తాల ముక్కతోనే ప్రారంభించింది. తర్వాత అదే ముక్కను కోసి తమ పాటల్లో అతికించుకున్న వాళ్లు రాక్ బయటే ఎక్కువ. డ్రమ్స్ నేర్చుకునే పిల్లలు ఇవాళ కూడా ‘గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్’ తిస్రాన్ని మొదట చాలా నిదానంగా, మెట్రోనోమ్ పెట్టుకుని, కుడికాలు ఒక్కదానితోనే సాధన చేస్తారు. జంట పెడళ్లు ఇప్పుడు ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. ఈ పాట దగ్గర మాత్రం ఉపాధ్యాయులు రెండో పెడల్‌ను ముట్టనివ్వరు.